రెండు కుడిచేతుల సిస్టరమ్మ

ఆవేళ పొద్దున గుర్తుగారు వేసుకున్న పథకంలో పెద్ద చిక్కేమీ లేదు. భోజనం డబ్బా ఖాళీగా ఆసుపత్రికి పట్టుకెళ్ళాలి. సాయంత్రం అందులో ఒక ఎముక పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవాలి. అంతే. ఎముకంటే కంగారుపడకండి, నిజం ఎముక కాదు. స్కానులో కనిపించిన ఎముకని పట్టి మిషను తెల్లటి ప్లాస్టిక్కుతో అచ్చు పోసిన నకలు. అయితే ఆ నకలు ఎవరి ఎముకది అన్నదే అసలు సంగతి.

డబ్బా సర్దబోతున్న అక్క చేతిలోంచి దాన్ని ఖాళీగానే లాక్కునేసరికి ఆవిడ తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. ఆకలి లేదన్నారు. ఆకలి లేనివాడికి డబ్బా దేనికని అడిగింది. దానికి జవాబు ముందుగా ఆలోచించి పెట్టుకోలేదు కాబట్టి గుర్తుగారు చెప్పులేసుకుని వీధిలో పడ్డారు. పెళ్ళి ఊసెత్తితే తమ్ముడు ఈ గదిలోంచి ఆ గదిలోకి పోవడం ఆవిడకి అలవాటే. నలభై దాటినా ఆ అలవాటు పోలేదు. ఖాళీ డబ్బాతో పారిపోవడం మాత్రం ఇదే మొదలు.

ఆయన అసలు పేరు ఆసుపత్రిలో జీతాలు పంచే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. స్కాన్ గది ఆయనది. ఎక్స్‌రే తీసినా స్కాన్ తీసినా ఆ బొమ్మ ఎడమవైపుదో కుడివైపుదో తెలిసేలా గుర్తు పెట్టడం ఆ పనిలో మొదటి పాఠం. మిగతావాళ్ళకి అది పాఠం, ఈయనకి ప్రాణం. బొమ్మని తిప్పి పట్టుకుంటే ఎడమ కుడవుతుంది, కన్ను మోసపోతుంది, గుర్తు మోసపోదు అని ఆయన వాదన. కొత్తగా చేరిన ప్రతి డాక్టరుకీ "మీ కంటిని నమ్మకండి, గుర్తుని నమ్మండి" అని చెప్పి గాని లోపలికి రానిచ్చేవారు కాదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఎడమ, కుడి అని రాసి ఆయన కట్టిన చీటీ ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. చివరికి ఎముకల సర్జన్ అయిన పెద్ద డాక్టరుగారంతటి మనిషి కూడా "గుర్తుగారి చీటీ ఉందా? అయితే ఇక మాట్లాడకండి" అనేవారు.

ఇంత నిక్కచ్చి మనిషికీ ఒక బలహీనత ఉంది. అది కట్ల గది సిస్టరమ్మ. నడవాకి ఈ చివర స్కాన్ గది, ఆ చివర కట్ల గది. విరిగిన చేతులకీ కాళ్ళకీ పిండికట్లు వేసే గది అది. సిస్టరమ్మ భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు, ఒంటరి మనిషి. పిండిలో తడిపిన గుడ్డని ఆవిడ రెండు చేతులతో చుడుతూ ఉంటే ఏడుస్తున్న పిల్లలు కూడా ఏడుపు మాని చూసేవాళ్ళు. ఇద్దరికీ రోజంతా లోపలి ఫోనులో మాటలు నడిచేవి. "పంపుతున్నాను, చూడండి" అని ఆవిడ. "చూశాను, పంపుతున్నాను" అని ఈయన. ఆ రెండు ముక్కల కోసం గుర్తుగారు సెలవు పెట్టడం మానేశారు. జ్వరం వచ్చినా వచ్చి కూర్చునేవారు. చెప్పాల్సింది ఇంకా చాలా ఉందని రోజూ అనుకునేవారు. చెప్పబోయే ముందు ఆవిణ్ణి "సిస్టర్" అని పిలవాలి. మనసులో ఉన్నదానికీ ఆ పిలుపుకీ ఎక్కడా పొంతన కుదరక అక్కడే ఆగిపోయేవారు. సాయంత్రం ఆవిడ గది తాళం వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోతుంటే, స్కాన్ గది తలుపు సందులోంచి ఆవిడ వీపు కనిపించినంతసేపూ చూసేవారు. ఆ తర్వాత ఇంటికి వెళ్ళడానికి ఆయనకి ఏ తొందరా ఉండేది కాదు.

అలాంటి సిస్టరమ్మ బీరువా మీది దూది చుట్ట అందుకోబోయి స్టూలు మీంచి పడింది. పడుతూ ఎడమ చెయ్యి నేలకి ఆనించింది. మణికట్టు విరిగింది. ఎవర్నీ పిలవకుండా ఆ చేతిని ఈ చేత్తో పట్టుకుని నడవా పొడుగునా నడిచొచ్చి, "ఇవాళ నన్ను నేనే పంపుకున్నాను, చూడండి" అని స్కాన్ బల్ల దగ్గర కూర్చుంది.  పొద్దున్నించి సాయంత్రం దాకా ఎందరెందరి చేతులో పట్టుకుని సర్దే గుర్తుగారు ఆవేళ దిండు జరిపారు, బల్ల జరిపారు, దీపం జరిపారు, చెయ్యి మాత్రం ఆవిడనే జరుపుకోమన్నారు.

మామూలు ఎక్స్‌రేలో ఎముక విరిగిన గీత ఒకటి, దాని మీద ఇంకో ఎముక నీడ, అంతే కనిపించాయి. స్కాన్ మిషను ఆ చేతిని పొరలు పొరలుగా చూపించాక అసలు నష్టం బయటపడింది. ఎముక చివర నాలుగు ముక్కలైంది. ఒక ముక్క కీలు మధ్యకి కుంగిపోయి, బయటికి కనిపించకుండా దాక్కుంది. ఆ ముక్కని తెర మీద మొదట చూసింది గుర్తుగారే. చూసి, తెర కాస్త మసకగా ఉందనుకుని తుడిచారు. తీరా తుడుచుకోవలసింది తన కళ్ళు. ఇన్నేళ్ళూ ఆ చెయ్యి ఒక్కసారి పట్టుకోవాలని ఉండేది ఆయనకి. ఇప్పుడు ఎముక లోపలిదాకా చూసేశారు గాని, పట్టుకోవడం మాత్రం కాలేదు.

పెద్ద డాక్టరుగారు స్కాన్ చూసి ఒక ఉపాయం చెప్పారు. ఎడమ ఎముక ఎలా ఉండేదో ఆ ముక్కల్ని చూసి చెప్పలేం. కుడి చెయ్యి బాగానే ఉంది. దాన్నీ స్కాన్ తీసి, అద్దంలో చూసినట్టు తిప్పేస్తే విరగక ముందు ఎడమ ఎముక ఎలా ఉండేదో తెలిసిపోతుంది. దాన్ని త్రీడీ ప్రింటరులో అచ్చు పోసి, ఎముకకి బిగించే లోహపు ప్లేటుని ఆ అచ్చు మీద ముందే వంచి పెట్టుకుంటే, ఆపరేషన్‌లో ముక్కలన్నీ ప్లేటు చుట్టూ వాటి చోట్లకి వచ్చేస్తాయి. ప్లేటు వెంట్రుకవాసి తేడాగా కూర్చున్నా మణికట్టు సరిగ్గా తిరగదని కూడా ఆయన అన్నారు. తిరగకపోతే ఏమవుతుందో గుర్తుగారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పిండికట్టు వెయ్యాలంటే రెండు చేతులూ తిరగాలి. తిరగనివాళ్ళని ఊరవతల ఉన్న ఇంకో ఆసుపత్రిలో మందుల కిటికీ దగ్గర కూర్చోబెడతారు. సిస్టరమ్మకి ఆ గది పోతుంది. గుర్తుగారికి ఆ గొంతు పోతుంది.

ఇంత భయం గుండెల్లో పెట్టుకున్న మనిషికి అలాంటి బుద్ధి ఎందుకు పుట్టిందంటే, పుట్టింది, అంతే. ప్రింటరు ముందు కూర్చుని ఒకటి పోయవలసిన చోట రెండు పోశారు. తిప్పిన ఎడమ ఎముక పెద్ద డాక్టరుగారికి. తిప్పని కుడి ఎముక తనకి. తిప్పిందైతే అద్దంలో నీడలాంటిది, దాన్ని దాచుకుని ఏం చేసుకుంటారు? ఇదైతే ఆవిడ సొంత చెయ్యి. ఫోను ఎత్తే చెయ్యి. అడగకుండా తీసుకోవడం తప్పని తెలుసు, దాన్ని దొంగతనం అంటారని కూడా తెలుసు. తెలిసే మీట నొక్కారు.

అదండీ ఖాళీ డబ్బా సంగతి.

ఆవేళ పొద్దున ఆయన వెళ్ళేసరికి రెండు నకళ్ళూ చల్లారి పళ్ళెంలో పక్కపక్కన ఉన్నాయి. మర్నాడు ఆపరేషన్. ఒకదానికి 'ఎడమ' అని చీటీ కట్టాలి, రెండోది డబ్బాలో పడాలి. దారం తీసి, చీటీ రాసి, ఎముక చేతిలోకి తీసుకోబోతున్నారు. ఫోను మోగింది.

వార్డులోంచి సిస్టరమ్మ. "నా చెయ్యి తయారైందా అండీ?" అని అడిగింది. గొంతులో నవ్వు ఉంది, దాని కింద భయం కూడా ఉంది. తయారైందన్నారు. "అంతా బాగుంటుంది కదూ?" అంది.  గుర్తుగారు బాగుంటుందని చెప్పి, ఇంకేదో చెప్పబోయి, సిస్టర్ అని ఆగిపోయి, ఫోను పెట్టేసి, ఫోను వంకే చూస్తూ చీటీ కట్టారు. చీటీ కట్టిన ఎముకని పెద్ద డాక్టరుగారికి పంపారు. రెండోదాన్ని చేతిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి మూత బిగించారు. ఒక్కసారి కూడా వాటి వంక తేరిపార చూడలేదు. ఎందుకు చూస్తారు? చీటీ ఉన్నప్పుడు కంటితో పనేముందని లోకానికి చెప్పిందే ఆయన.

పెద్ద డాక్టరుగారి గదిలో జరిగింది తర్వాత జూనియర్ డాక్టరమ్మ చెప్పగా తెలిసింది. ఎడమ మణికట్టుకి వాడే ప్లేటుని ఆ నకలు మీద పెట్టి చూశారట. కూర్చోలేదు. చిన్నది పెట్టారు, పెద్దది పెట్టారు. ఒక కొస ఆనితే ఇంకో కొస లేచింది. జూనియర్ డాక్టరమ్మ కాసేపు చూసి, ఇది కుడి చేతిదేమో సార్ అని మెల్లిగా అంది. పెద్ద డాక్టరుగారు దారానికి వేలాడుతున్న చీటీ చూపించి, ఆ అక్షరాలు ఎవరివో చూడమన్నారు. ఆ అమ్మాయి చూసి నోరు మూసుకుంది. నిజానికి ఆయనక్కూడా మొదట చూడగానే కుడిదే అనిపించింది. కానీ తన కన్ను ఎన్నోసార్లు తప్పింది, గుర్తుగారి చీటీ ఎన్నడూ తప్పలేదు. కాబట్టి తప్పు చీటీది కాదు, ప్లేటుది కాదు, ఇక మిగిలింది సిస్టరమ్మ ఎముక. పుట్టుకతోనే ఆవిడ ఎడమ ఎముక కుడి ఎముకలా తయారైందన్నమాట. ఇలాంటిది తన పుస్తకాల్లో ఎక్కడా లేదు. పుస్తకాల్లో లేదు కాబట్టి దీని గురించి మొదట రాయబోయేది తనే. అక్కడితో ఆయన కాళ్ళు నేలమీద నిలవలేదు.

పక్క ఆసుపత్రిలో ఇద్దరు పెద్ద సర్జన్లకి కబురు వెళ్ళింది. సూపరింటెండెంటుగారికి కబురు వెళ్ళింది. ఇద్దరు సర్జన్లూ మర్నాడు ఊళ్ళో ఉండరట, అందుకని ఆపరేషన్ ఆవేళ మధ్యాహ్నానికే ముందుకి జరిపారు. నకలు మీద సరిగ్గా కూర్చునేలా ప్లేటుని పట్టకారుతో ఇష్టమొచ్చినట్టు వంచడం మొదలైంది.

ఇలాంటి కబురు డాక్టర్ల గదిలోనే ఉండిపోతుందా? మెట్లు దిగేసరికి సిస్టరమ్మ ఎముక తిరగబడి ఉందన్నారు. మందుల కొట్టు దాకా వచ్చేసరికి సిస్టరమ్మకి రెండూ కుడిచేతులేనట అన్నారు. క్యాంటీనులో అయితే దానికి సాక్ష్యాలు కూడా దొరికాయి. అందుకేనమ్మా ఆవిడ కట్టు అంత చక్కగా వేస్తుంది, రెండు చేతులూ ఒకే వాటంగా ఆడతాయి మరి, అని ఒకాయన తన పాత కట్టుని తలుచుకుని చెప్పాడు. లిఫ్టు నడిపే అతను లిఫ్టు ఆపేసి వెళ్ళి వార్డు గుమ్మంలోంచి తొంగి చూసొచ్చాడు. చూస్తే మామూలుగానే ఉందే అని ఎవరో అంటే, పైకి తెలియదు, లోపల ఉంటుందని అతను సర్దిచెప్పాడు. మధ్యాహ్నం అయ్యేసరికి సిస్టరమ్మ మంచం చుట్టూ మెడికల్ విద్యార్థులు. మీ వంశంలో ఇంకెవరికైనా ఇలా ఉందా, చిన్నప్పుడు చెప్పులు తిరగేసి వేసుకునేవారా అని అడుగుతున్నారు. పాపం ఆవిడ మొదట నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని మార్చి మార్చి చూసుకోవడం మొదలుపెట్టింది.

ఇవేవీ తెలియని గుర్తుగారు స్కాన్ గదిలో సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూస్తున్నారు. మళ్ళీ ఫోను మోగింది.

"మీరు చెప్పండి," అంది సిస్టరమ్మ. ఈసారి గొంతులో నవ్వు లేదు. "నా ఎడం చెయ్యి పుట్టుకతోనే తప్పట. ఇంతమంది చెప్తున్నారు. నాకెవరి మాటా అక్కర్లేదు. లోపల చూసింది మీరు. నిజంగా అలాగే ఉందా?"

అలాంటిదేమీ లేదన్నారు గుర్తుగారు. విరిగింది తప్పితే నిక్షేపంలాంటి ఎముకన్నారు. అయితే మీ చీటీ ఉన్న ఎముక అలా ఎందుకుందని ఆవిడ అడిగింది. ఆ మాటతో ఆయనకి ఎక్కడో చిన్నగా చురుక్కుమంది. చూసి చెప్తానని ఫోను పెట్టేసి డబ్బా మూత తీశారు. మన మణికట్టు దగ్గర ఎముక చివర బొటనవేలి వైపు ఒక మొన ఉంటుంది, అరచేతి వైపు నున్నగా ఉంటుంది. డబ్బాలో ఎముకని తీసి తన కుడి మణికట్టు మీద, నున్నటి వైపు అరచేతి పక్కకి వచ్చేలా పెట్టుకున్నారు. మొన చిటికెనవేలి వైపు వెళ్ళింది. ఎడమ మణికట్టు మీద పెట్టుకున్నారు. బొటనవేలి కింద బుద్ధిగా ఒదిగింది.

గుర్తుగారికి పై ప్రాణాలు పైనే పోయాయి. తను దాచుకున్నది ఎడమ. పంపింది కుడి. జీవితంలో మొదటిసారి చీటీ తప్పారు, అదీ ఆవిడ చేతి దగ్గర. ఒక పక్క ఆవిడ తననే నమ్మి ఫోను చేసింది. ఇంకో పక్క ఆవిడ చెయ్యి కోసం తప్పుడు ప్లేటు తయారవుతోంది. డబ్బా చంకలో పెట్టుకుని పరిగెత్తారు.

చడీచప్పుడు లేకుండా ఈ ఎముక అక్కడ పెట్టి ఆ ఎముక తెచ్చేసుకుందామని ఆయన ఆశ. చీటీ విప్పి కట్టడానికి ఎంతసేపు? కానీ పెద్ద డాక్టరుగారి గదిలో ఎముక లేదు, మీటింగు హాల్లో ఉంది. హాల్లో సూపరింటెండెంటుగారున్నారు, అతిథి సర్జన్లు ఇద్దరున్నారు, విద్యార్థులు గోడల దాకా ఉన్నారు. ముందు వరసలో చక్రాల కుర్చీలో సిస్టరమ్మ ఉంది. నకలు చేతులు మారుతోంది. గుర్తుగారు వెనకనుంచి ఆ చేతుల్ని వెంబడిస్తూ వంగి వంగి ముందుకి వచ్చేసరికి పెద్ద డాక్టరుగారి కళ్ళలో పడ్డారు.

రండి రండి అని ఆయన భుజం మీద చెయ్యేసి అందరికీ చూపించారు. ఈ స్కాన్ తీసింది వీరేననీ, ఈ ఆసుపత్రిలో ఎడమ కుడి తేలేది వీరి చేతిలోనేననీ చెప్పారు. అంతలో ఆయన చూపు డబ్బా మీద పడింది. పొద్దున్నించి అతిథులు గాని ఆయన గాని భోజనం మాట తలపెట్టలేదు. "అక్కగారు ఏం పంపారు?" అంటూ చనువుగా డబ్బా తీసుకుని మూత తిప్పి, చేతిగుడ్డ విప్పారు.

హాలంతా మెడలు సాచింది. డబ్బాలో ఇంకో ఎముక ఉంది.

పెద్ద డాక్టరుగారు ఒక్క క్షణం తెల్లబోయి, మరుక్షణం వెలిగిపోయారు. చూశారా ఈయన ముందుచూపు, పోల్చి చూసుకోవడానికి కుడి ఎముక కూడా అచ్చు పోసి, పాడవకుండా డబ్బాలో పెట్టి తెచ్చారు అన్నారు. అతిథులు చప్పట్లు కొట్టారు. విద్యార్థులు కూడా కొట్టారు. గుర్తుగారు నోరు మూసుకుని నిలబడితే చాలు, ఆవేళ ఆయనంత గొప్పవాడు ఆ ఊళ్ళో ఇంకొకడు లేడు. దొంగతనం కూడా ముందుచూపు కింద చెల్లిపోయింది. ఆయన సిస్టరమ్మ వంక చూశారు. ఆవిడ చప్పట్లు కొట్టడం లేదు. కొట్టడానికి రెండో చెయ్యి లేదు, కట్టులో ఉంది.

"అది కుడిది కాదండీ. ఎడమది," అన్నారు గుర్తుగారు. "చీటీ మారిపోయింది. మీరు ప్లేటు వంచిందే కుడిది. సిస్టర్ ఎముకలో ఏ తేడా లేదు."

పెద్ద డాక్టరుగారు హాయిగా నవ్వారు. ఇంతమంది పెద్దల్ని చూసి కంగారుపడుతున్నారు పాపం అన్నారు. గుర్తుగారు నిజంగానే మారిందన్నారు. గుర్తుగారి చీటీ మారడమేమిటని సూపరింటెండెంటుగారు. మా ఆసుపత్రి దాకా తెలుసండీ మీ సంగతి అని ఒక అతిథి. ఇన్నేళ్ళుగా ఇటుక మీద ఇటుకగా కట్టుకున్న మంచిపేరు ఆవేళ గోడలా ఆయనకే అడ్డంగా నిలబడింది. తను తప్పు చేశానంటే నమ్మే మనిషి ఆ హాల్లో ఒక్కరూ లేరు. ఆపరేషన్ గది సిద్ధంగా ఉందని ఎవరో వచ్చి చెప్పారు.

"ఎందుకు మారుతుంది? ఎప్పుడూ మారనిది ఇవాళ మారడానికి ఒక కారణం ఉండాలిగా. కారణం చెప్పండి," అన్నారు పెద్ద డాక్టరుగారు, గడియారం చూసుకుంటూ.

 ఆ కారణాన్ని గుర్తుగారు ఇన్నేళ్ళూ అక్కకి చెప్పలేదు, సిస్టరమ్మకి చెప్పలేదు, తనకి తను చెప్పుకోవడానికి కూడా మొహమాటపడ్డారు. ఇప్పుడు హాలు నిండా జనం.

"చీటీ కడుతుంటే ఆవిడ ఫోను చేశారు," అన్నారు.

"చేస్తే?"

"ఆవిడ గొంతు వింటే నా చేతులు నా మాట వినవండి. ఎన్నాళ్ళనుంచో అంతే. రోజూ ఫోను పెట్టేశాక కాసేపు ఏ పనీ ముట్టుకోను. ఇవాళ ముట్టుకున్నాను."

హాల్లో ఎవరో తుమ్మబోయి ఆపుకున్నారు.

"మరి రెండోది ఎందుకు పోశారు?" అని పెద్ద డాక్టరుగారు అడిగారు. ఆయన గొంతు తగ్గిపోయింది.

"నా కోసం. ఇంటికి తీసుకెళ్దామని. ఆ డబ్బా అందుకేనండి. అడగడానికి ధైర్యం చాల్లేదు."

చెప్పడం అయిపోయాక ఆయనకి తల తీసేసినట్టయింది. సిస్టరమ్మ వంక చూడలేదు. చూసినవాళ్ళు చెప్పినదాన్నిబట్టి ఆవిడ నేల వంకే చూస్తూ కూర్చుందట. జూనియర్ డాక్టరమ్మ ఒక్కతే కదిలింది. డబ్బాలో ఎముక తీసి, కొత్తగా ఒక ఎడమ ప్లేటు తెచ్చి దానిమీద పెట్టింది. ఎక్కడా కొస లేవకుండా ప్లేటు అతుక్కుపోయింది. పెద్ద డాక్టరుగారు దాన్ని చాలాసేపు చూశారు. ప్రపంచంలో తను మొదట రాయవలసిన ఎముక ఆయన కళ్ళ ముందే మామూలు ఎముకైపోయింది. నిట్టూర్చి, అతిథులని భోజనానికి పంపించి, ఆపరేషన్‌కి వెళ్ళారు.

ఆపరేషన్ చక్కగా జరిగింది. కుంగిన ముక్క పైకి లేచి తన చోటికి వచ్చింది. ఆ తర్వాత తీసిన బొమ్మల్లో ప్లేటు, స్క్రూలు, ఎముక అన్నీ చూసుకుని గుర్తుగారు తలుపు వేసుకుని ఒక్కరే ఏడ్చారు. సూపరింటెండెంటుగారు గట్టిగా చీవాట్లు పెట్టి, అంతటితో ఆగకుండా, రోగుల ఎముకల నకళ్ళని భోజనం డబ్బాలలో ఇంటికి తీసుకుపోరాదని స్కాన్ గది గోడకి బోర్డు కొట్టించారు. స్కానుకి వచ్చినవాళ్ళు దాన్ని చదివి బిక్కమొహాలు వేసేవాళ్ళు.

అదేం బాధ కాదు. ఫోను బాధ. కట్ల గదికి తాత్కాలికంగా ఎవరో బొంగురు గొంతు మనిషి వచ్చాడు. "పంపుతున్నా, చూడు" అనేవాడు. ప్రతిసారీ ఫోను మోగగానే గుర్తుగారి గుండె లేచేది, ఆ గొంతు వినగానే కూలబడేది. సిస్టరమ్మ ఇంటిదగ్గర ఉంటోందని, కట్టు విప్పారని, వేళ్ళు ఆడుతున్నాయని వాళ్ళూ వీళ్ళూ అనుకుంటుంటే విన్నారు. ఆవిడనుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. తను చేసినదానికి ఆవిడ ఇంకోసారి తన మొహం చూడకపోయినా న్యాయమేననుకున్నారు. అనుకున్నా సాయంత్రాలు తలుపు సందులోంచి ఖాళీ మెట్ల వంక చూడటం మానలేకపోయారు. సంగతంతా అక్క చెవిన కూడా పడింది. ఒకరోజు డబ్బా సర్దుతూ, "మనిషిని అడగలేక ఎముక తెచ్చుకుందామనుకున్నావుట్రా పిచ్చి వెధవా?" అని మాత్రం అంది. అని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ మరుసటి వారం ఒక పొద్దున స్కాన్ గది తలుపు తోసుకుని సిస్టరమ్మ వచ్చింది. బయట పేషెంట్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఆవిడ వాళ్ళని కాస్త ఆగమని చెప్పి తలుపు చేరవేసి, సంచీలోంచి తెల్లటి ఎముక తీసి బల్ల మీద పెట్టింది. కుడిది. పెద్ద డాక్టరుగారు ఇచ్చారట, నీ ఎముక నీ దగ్గరే ఉండటం మంచిదని.

"నన్నడక్కుండా నా చెయ్యి అచ్చు పోసుకోవడం బాగుందా?" అంది.

"బాగోలేదు."

"ఆవేళ అంతమందిలో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు."

"నాకూ అంతే."

"మీ సంగతి నేనడగలేదు," అంది ఆవిడ. గుర్తుగారు తల దించుకున్నారు. ఆవిడ కాసేపు బోర్డు వంక చూసింది. "చప్పట్లు కొడుతుంటే ఊరుకోవచ్చుగా. మీ పేరు నిలిచేది."

"పేరు నాకెందుకండీ. మీ చెయ్యి తిరగాలి."

 ఆవిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. నవ్వు దాచుకోవడానికి ప్రయత్నిస్తోందో, ఏడుపు ఆపుకోవడానికి ప్రయత్నిస్తోందో గుర్తుగారికి అర్థం కాలేదు. ఎముకల్లో తేడా చెప్పగలరు గాని ఆయనకి అది చేతకాదు.

"దాచుకోబోయింది దాచుకోబోయారు, మంచి చేతిని దాచుకోబోయారు," అంది చివరికి. "దానికేం, దాని పని అది చూసుకుంటుంది. విరిగింది ఇదీ." ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టింది. మణికట్టు మీద ఎర్రటి గీతలా కుట్ల మచ్చ ఉంది. "బిగుసుకుపోయింది. రోజూ పొద్దునా సాయంత్రం ఎవరో ఒకరు దీన్ని పట్టుకుని వంచుతూ ఉండాలట. లేకపోతే తిరగదట. ఇంట్లో నాకెవరున్నారు?"

గుర్తుగారు ఆ చెయ్యి వంక చూశారు. ఎన్ని వందలసార్లు తలుచుకున్నారో, ఎన్నిసార్లు ఫోను పెట్టేశాక తన చేతిని తనే పట్టుకుని కూర్చున్నారో ఆయనకే తెలుసు. ఈసారి దిండు జరపలేదు, బల్ల జరపలేదు. రెండు చేతులతో ఆ చేతిని పట్టుకున్నారు. వెచ్చగా ఉంది. ఆయన అనుకున్నదానికంటే చిన్నగా ఉంది. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, డాక్టర్లు చెప్పిన ప్రకారం మెల్లగా వెనక్కి వంచారు.

ఆవిడ పెట్టిన కేకకి, బయట వరసలో ఉన్న ఇద్దరు పేషెంట్లు తమ చేతులకి ఏమీ కాలేదని చెప్పి ఇంటికి వెళ్ళిపోయారు.